కింది పట్టీలో చెప్పుల జత

పొద్దున ఎనిమిదింబావుకు మునగాల స్టేజీ దగ్గర సంతోషి చెయ్యెత్తితే ఆగని బస్సు ఇంతవరకు తయారు కాలేదు. ఆర్డినరీలు సరే, హైదరాబాదు నుంచి విజయవాడకు ఊపిరి తీసుకోకుండా పోయే బస్సులు కూడా ఎదురు దిక్కున ఒక్క క్షణం తడబడి, ఈ పిల్ల మనల్ని కాదులే అని తేల్చుకున్నాకే ముందుకు కదిలేవి. ఆమె సూర్యాపేట బస్సెక్కి, సీటు దొరక్కపోతే ఇంజను పక్కన నిలబడి, కొత్త బస్టాండులో దిగి, ఇడ్లీ పొట్లం కట్టించుకుని, ఎరువుల కొట్టు మీదున్న ఆఫీసు మెట్లెక్కేది. ఇరవై రెండు మెట్లు. యూరియా వాసన పదిహేనో మెట్టు దాకా వెంటొచ్చి అక్కడ ఆయాసపడి ఆగిపోయేది.

ఆఫీసంటే మరీ పెద్దగా ఊహించుకోవద్దు. మూడు బల్లలు, ఒక కూలరు, గోడకు విత్తనాల కంపెనీ క్యాలెండరు. యజమాని జగదీష్‌కు చేతిలో రెండు ఫోన్లు, చెవిలో మూడోది. సంతోషి పని యాప్‌లకు నమూనా తయారుచెయ్యడం. మేస్త్రి పునాది తీసే ముందు నేల మీద ముగ్గు పోసి ఇదిగో హాలు, ఇదిగో వంటిల్లు అని చూపిస్తాడు చూడండి, అట్లా యాప్ పుట్టకముందే తెర తర్వాత తెర గీసి చూపించడం. ఆ పనిలో ఆమెను మించిన చెయ్యి కృష్ణకు ఈ ఒడ్డున లేదు. ఆ ఒడ్డున ఉందేమోనని వెతకబోయినవాళ్ళు వారం తిరిగి, చెప్పుకోవడానికి సిగ్గుపడి, చేపలు కొనుక్కుని వచ్చారు. పద్దెనిమిది తెరల యాప్‌ను ఇడ్లీలు చల్లారేలోపు నిలబెట్టగల పిల్ల.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకునేది. బొమ్మలు చేత్తో గీసేది కాదు. ఇల్లు, గంట, భూతద్దం, అన్నీ ఎవరో గీసి పెట్టిన రెడీమేడ్ బొమ్మలే తెచ్చి అతికించేది. ఎందుకంటే సంతోషి చేత్తో గీసిన బొమ్మను వేలితో తాకినవాళ్ళు ఆ బొమ్మ చూపించే చోటికి వెళ్ళిపోతారు. చిన్నప్పట్నుంచీ అంతే. మూడో తరగతిలో పలక మీద ఇల్లు గీస్తే, దిద్దుదామని వేలు పెట్టిన దశరథ సారు హాలియాలో తన సొంత వాకిట్లో తేలాడు. మూడు బస్సులు మారి బడి వదిలే వేళకు తిరిగొచ్చి, "బిడ్డా, ఇల్లు గీసేదుంటే నాలుగున్నరకు గియ్యి, పదకొండింటికి గాదు" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. మేనత్త బస్సు బొమ్మ మీద చెయ్యేసి కోదాడ బస్సులో పడింది, డిపో దాకా పోయింది. మధ్యలో దిగుదామంటే కాళ్ళు రాలేదు. బొమ్మలోకి పోయినవాళ్ళు ఆ బొమ్మ పద్ధతిలోనే బయటపడాలి. బస్సైతే ఆఖరి స్టేజీకి పోవాలి, బావైతే ఎవరో ఒకరు చేద పైకి లాగాలి. లేదంటే సంతోషి ఆ బొమ్మను తుడిచెయ్యాలి. మునగాలలో ఇది తెలియనివాళ్ళు లేరు. పెళ్ళిళ్ళకు వెళ్ళేటప్పుడు "జర గుడి బొమ్మ గీసియ్యి బిడ్డా, చార్జీ మిగుల్తది" అని అడిగేవాళ్ళు కూడా ఉన్నారు.

ఫిబ్రవరిలో ఒక రోజు ఆ ఇరవై రెండు మెట్లూ ఎక్కి కృష్ణమూర్తి వచ్చాడు. ఉండేది కోదాడ, పెత్తనం మిర్యాలగూడలో. అక్కడ ఒక మిల్లు దగ్గర వడ్లు తెచ్చే రైతుల లైనంతా ఆయన కనుసన్నల్లో నడుస్తుంది. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. ఆ బూట్ల తెలుపుకు ఆఫీసు గోడకు కొత్తగా వేసిన సున్నం కూడా వెలవెలబోయింది.

"లైనే ఉండకూడదమ్మా" అన్నాడు కూర్చుంటూ. "రైతు ఇంట్లోనే ఉండి ఫోన్లో టోకెన్ తీసుకోవాలి, వంతు వచ్చినప్పుడు దర్జాగా రావాలి. అలాంటి యాప్ ఒకటి కావాలి."

"చేద్దాం సార్. మా సంతోషి ఉన్నది. చిటికెల పని" అన్నాడు జగదీష్ చెవిలో ఫోను తీయకుండానే.

సంతోషి ఆ మనిషి మొహం చూసింది. మొహం కంటే ముందు గొంతు గుర్తుపట్టింది. ఆయన మాత్రం ఆమెను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ఎప్పుడైనా చూస్తే కదా.

పోయిన వానాకాలం పంట సంగతి అది. సంతోషి నాయిన గోపయ్య ట్రాక్టరు కిరాయికి మాట్లాడుకుని సన్న వడ్లు మిర్యాలగూడకు తోలుకుపోయాడు. ఆ లైను పొడుగు చెప్తే ఎవరూ నమ్మరు. తలకాయ కాంటా గది కిటికీలో ఉంటే తోక ఎక్కడుందో తోకలో నిలబడ్డవాడికే తెలియదు. బండ్లన్నీ పొలాల్లో ఆపుకుని మనుషులు గచ్చు మీద నిలబడాలి. అన్ని రోజులు ఎవడు నిలబడతాడు? అందుకని ఆ చుట్టుపక్కల ఒక పద్ధతుంది. అవసరం పడి పక్కకు పోయే మనిషి తన చెప్పులు లైన్లో విడిచి పోతాడు. జత చెప్పులున్నాయంటే అక్కడ ఒక మనిషి ఉన్నట్టే. సొంత అన్నదమ్ములు గట్టు కోసం తలలు పగలగొట్టుకునే రోజుల్లో కూడా లైన్లో ఉన్న చెప్పులను దాటినవాడు లేడు.

ఐదో రోజు గోపయ్య ముందర తొమ్మిది జతలే మిగిలాయి. అప్పుడే మబ్బు పట్టింది. చెప్పులు విడిచి, ట్రాలీ మీద పట్టా కప్పి వద్దామని పరుగెత్తాడు. వచ్చేసరికి చెప్పులు లేవు. ఎవరివీ లేవు. కృష్ణమూర్తి మైకులో చెప్తున్నాడు, ఆ రోజు నాయినకు అన్నం తెచ్చిన సంతోషి కూడా విన్నది: "చెప్పులకు టోకెన్లు ఇవ్వమండీ, మనుషులకే ఇస్తాం." మూడు గోనె సంచుల్లో చెప్పులన్నీ కుక్కించి సాగర్ కాలవలో పోయించాడు. ఖాళీ అయిన జాగాలో ఆయనకు కావలసినవాళ్ళ లారీలు దర్జాగా లోపలికి పోయాయి.

గోపయ్య మళ్ళీ తోకలో నిలబడ్డాడు. మూడు రోజులు వాన. ఎట్లాంటి వాన అనుకున్నారు? కప్పలు కూడా చాలు చాలని మొత్తుకున్న వాన. ట్రాలీలో వడ్లు మొలకెత్తాయి. నాలుగో రోజుకు ట్రాలీ నిండా జానెడు పచ్చటి నారు లేచి గాలికి ఊగింది. గోపయ్య దాన్ని రోడ్డు పక్క కాలువలో దించేసి, వట్టి ట్రాలీతో, వట్టి కాళ్ళతో ఇంటికొచ్చాడు. ఆ రోజు నుంచి చెప్పులు తొడగలేదు. భార్య వీరమ్మ సూర్యాపేట నుంచి రెండు జతలు తెచ్చి ముందర పెట్టింది. ముట్టలేదు. ఎవరన్నా అడిగితే ఒకటే మాట.

"నా చెప్పులు లైన్ల ఉన్నయ్."

ఆ మాట సంతోషి పళ్ళ మధ్య మెతుకులా ఇరుక్కుని ఉండిపోయింది. నాలుగు నెలలు నాలుకతో తడుముకుంటూనే ఉంది. ఆ పిల్ల మెత్తనిదని ఎవరైనా చెప్తే వినకండి. నవ్వుతూనే ఉంటుంది, పనీ చేస్తూనే ఉంటుంది, పగ మాత్రం ఊరగాయలా మూత పెట్టి ఎండలో పెడుతుంది.

యాప్ మొదటి నమూనా తయారైంది. మార్చిలో మిర్యాలగూడలో మిల్లు ఆవరణలోనే నలభై మంది రైతులను కూర్చోబెట్టి చేతికి ఫోన్లిచ్చారు. తెర పైన కుడి మూలన మూడు అడ్డగీతలు. అవి నొక్కితే లోపలున్నవన్నీ వరసగా బయటికొస్తాయి. చదువుకున్నవాళ్ళకు అది పాఠం చెప్పకుండానే వచ్చిన సంగతి. రైతులు ఫోను చేతుల్లోకి తీసుకుని, ఆ మూడు గీతలు చూసి, భక్తిగా కళ్ళకద్దుకున్నారు.

"సల్లగుండు బిడ్డా, ఫోన్ల గూడ ఈబూది పెట్టినవ్" అన్నాడొక పెద్దాయన.

"నొక్కు తాతా" అంది సంతోషి పక్కన పనిచేసే కరుణ.

"దేవుని నొసలు మీద ఏలు పెట్టి నొక్కుతమా? ఏం మాటమ్మా అది?"

దేవసహాయం అనే రైతు ఫోను తిరిగిచ్చేశాడు. "నేను చర్చికి పోయేటోణ్ణి. నాకెందుకమ్మా ఈబూది? మావోళ్ళకు ఏరే గీతలు పెట్టున్రి."

నలభై మందిలో ఒక్కడంటే ఒక్కడు లోపలికి పోలేదు. నొక్కుదామని ధైర్యం చేసిన ఒకరిద్దరికి బొటనవేలు పై మూల దాకా సాగలేదు. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఫోను పట్టుకునే మనుషులు వాళ్ళు.

మర్నాడే కృష్ణమూర్తి ఆఫీసులో దిగాడు. "అమ్మాయ్, మామూలు ఫోన్లలో అడుగున ఒక పట్టీ ఉంటుంది చూడు. నాలుగైదు బొమ్మలు, వాటి కింద పేర్లు. బొటనవేలు ఎక్కడుంటే అక్కడే పని. అది పెట్టు."

మాట న్యాయమైనదే. సంతోషి తలూపింది. జగదీష్ ఫోను మాట్లాడుతూ మెట్ల మీదికి పోగానే కృష్ణమూర్తి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నాలుగు బొమ్మలు అందరికీ. ఐదోది నా ఫోన్లోనే కనపడాలి. అది నొక్కితే నేను చెప్పిన బండి ముందుకెళ్ళిపోవాలి. ఎవరికీ తెలియకూడదు. అర్థమైందా?"

"అయింది సార్. ఏం బొమ్మ పెట్టమంటరు?"

"బాణం గుర్తు పెట్టెయ్."

"బాణమైతే పక్కన నిలబడ్డోళ్ళకు అనుమానమొస్తది సార్. చెప్పుల జత పెడతా. లైన్ల చెప్పులు పెట్టుడు అందరికి ఎరుకే కద."

కృష్ణమూర్తి పొట్ట పట్టుకుని నవ్వాడు. "భలేదానివే! పోయిన పంటకు మూడు గోనెల చెప్పులు కాలవలో పోయించా, తెలుసా? ఒక్కడు నోరెత్తితే ఒట్టు."

"తెలుసు సార్" అంది సంతోషి. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ముందు కూలరు దండగ.

ఆ రోజే పట్టీ పని మొదలుపెట్టింది. పగ ఒక పక్క ఉండనీ, పని పనే. ఆమె కట్టిన పట్టీ లాంటి పట్టీ ఏ దేశంలో ఏ కంప్యూటరు మీదా ఎవరూ కట్టి ఉండరు. నలభై మంది బొటనవేళ్ళు స్కేలు పెట్టి కొలిచింది. పగుళ్ళు పట్టిన వేలు ఎంత మేర ఆనుతుందో అంత వెడల్పు ఒక్కో గడికి ఇచ్చింది. ఇల్లు, టోకెన్, వరుస, కాంటా. నొక్కిన గడి వరినారు రంగులోకి మారుతుంది, మిగతావి బూడిద రంగులో తమ వంతు కోసం కూర్చుంటాయి. అక్షరాల అడుగున ఒత్తులు తెగిపోతుంటే పట్టీని వడ్లగింజ మందాన ఎత్తింది. ఒక్కసారి తయారుచేసి పద్దెనిమిది తెరలకూ అదే తగిలించింది. ఒకచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దుకుంటుంది. మనిషి యాప్‌లో ఏ మూలకు పోయినా ఆ పట్టీ కాళ్ళ దగ్గరే ఉంటుంది.

నాలుగు బొమ్మలూ రెడీమేడ్‌వే. ఐదోదానికి క్యాలెండరు కాగితం చించి, వెనక్కి తిప్పి, పెన్సిలు చెక్కింది. కరుణ ఓరగా చూసింది.

"చేత్తో గీస్తున్నవా?"

"ఒక్కటే."

"ఎవరికోసం?"

"తెల్ల బూట్ల సారు కోసం."

"అయితే మంచిగ గియ్యి" అని కరుణ తన పనిలో పడింది.

గీసేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. సాయంత్రం ఇంటికి పోయి కాగితం అమ్మానాయినల ముందర పరిచింది. వీరమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. గోపయ్య గడపలో కూర్చుని కొడవలికి పిడి బిగిస్తున్నాడు.

"అమ్మా, చెప్పుల కింద నీళ్ళు గీస్తే సారు కాల్వ అడుక్కు పోతడు. గచ్చు గీస్తే లైన్లకు పోతడు. ఏది గియ్యాలె?"

వీరమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నీళ్ళే గియ్యి. సుడి గూడ పెట్టు. అడుగున రెండు ముండ్ల కంపలు పెట్టు."

సంతోషి పెన్సిలు కాగితం మీద ఆనింది. ఒక అల గీసింది. రెండో అల గీసింది. గీత తేలిగ్గా సాగింది. అది చూసి ఆమెకే కొంచెం భయమేసింది.

"వద్దు" అన్నాడు గోపయ్య.

"ఏమయ్యా, వాని మీద జాలి, పావురం పుట్టిందా నీకు?" అంది వీరమ్మ.

"పావురం గాదు. నీళ్ళల్ల పడ్డోడు రెండు నిమిషాల్ల పోతడు. అరికాలు మంట వానికెట్ల తెలుస్తది? మధ్యాన్నం రెండింటికి గచ్చు ఎట్లుంటదో, ముందలున్నోని ఈపు సూసుకుంట ఐదు రోజులు నిలబడితే ఎట్లుంటదో వానికెవరు చెప్తరు?" కొడవలి పక్కన పెట్టి కాగితం దగ్గరికి జరిగాడు. "గచ్చు గియ్యి. ఎడమదానికి బొటనేలు కాడ వారు తెగితే తీగె కట్టిన. ఆ తీగె మొన బయటికున్నది. అది మరిచిపోకు."

వీరమ్మ మొగుని మొహం కేసి కొత్తగా చూసింది. "ఇన్నేండ్లు నిన్ను పేరుకు తగ్గ గోవనుకున్న. నువ్వు నాకంటె దుర్మార్గునివి" అంది. ఆ మాటలో పెళ్ళినాటి ముచ్చట తొంగిచూసింది. ఆ పూట ఆయనకు గుడ్డు పులుసు పెట్టింది.

సంతోషి అలలు రెండూ తుడిచేసి గచ్చు గీసింది. మర్నాడు ఆ బొమ్మను ఫొటో తీసి, కృష్ణమూర్తి ఫోన్లో ఐదో గడికి అతికించింది.

ఏప్రిల్ మూడో వారం యాసంగి కోతలు ముమ్మరం. మిర్యాలగూడ మిల్లు ఆవరణలో షామియానా వేసి, స్టేజీ కట్టి, పూల కుండీలు పెట్టి యాప్ మొదలుపెట్టారు. ఫోన్లో నంబరు వస్తుందని ఎంత చెప్పినా సగం మంది రైతులు గచ్చు మీద లైను కట్టే ఉన్నారు. కళ్ళు ఫోనును నమ్మినా కాళ్ళు నమ్మడానికి ఒక పంట పడుతుంది.

ముందుగా పట్టీ పరీక్ష. రైతులు ఫోను అందుకున్నారు. బొటనవేలు దానంతట అదే పట్టీ మీద పడింది. "ఇగో, వరుస. నాది డెబ్బై రెండు!" అని ఒకడరిచాడు. "నాది డెబ్బై మూడు" అని పక్కవాడు. దేవసహాయం తన ఫోను నలుగురికీ చూపించి "గిట్ల పెట్టాలె బొమ్మలంటే" అన్నాడు. సంతోషి రెండో వరసలో కుర్చీలో కూర్చుని విన్నది. మెచ్చుకోలు ఎంత తియ్యగా ఉన్నా ఆమె కళ్ళు స్టేజీ మీది తెల్ల బూట్ల మీదే ఉన్నాయి.

కృష్ణమూర్తి మైకు ముందుకొచ్చాడు. "రైతే రాజు అన్నది నా సిద్ధాంతం. ఈ యాప్‌లో పెద్దా చిన్నా తేడా లేదు. ఎవరి వంతు వాళ్ళదే" అంటూ ఎడమ చేత్తో మైకు పట్టుకుని, కుడి చేతిలో ఫోను బల్ల చాటున పెట్టుకుని, గేటు బయట నిలబడ్డ తనవాళ్ళ లారీ కేసి ఒక చూపు చూసి, చెప్పుల జత మీద బొటనవేలు పెట్టాడు.

స్టేజీ మీద తెల్ల బూట్లు రెండు మిగిలాయి.

ఆయన గచ్చు మీద లైన్లో పదో మనిషిగా నిలబడి ఉన్నాడు, వట్టి కాళ్ళతో, చేతిలో ఫోనుతో. ముందున్న దేవసహాయం వెనక్కి తిరిగి చూశాడు. "సారొచ్చిండు. జర ఎనుకకు జరగున్రి, సారు గూడ నిలబడతడు" అన్నాడు. వెనకవాళ్ళు మర్యాదగా జానెడు జరిగారు. స్టేజీ మీద ఆయన సహాయకుడు తులసీరాం మైకందుకున్నాడు. "కృష్ణమూర్తి గారు లైన్లోకి వెళ్ళారు. వారి బదులు నేను మాట్లాడతాను" అని కాగితం మీది మిగతా ఉపన్యాసం చదివేశాడు. చప్పట్లు కొట్టారు.

కృష్ణమూర్తి పక్కకు అడుగు తీయబోయాడు. కాలు రాలేదు. ముందుకు మాత్రం వస్తోంది, అదీ ముందున్నవాడు కదిలితేనే. "ఎడమ కాలికి ఏదో తీగ గుచ్చుకుంటోందయ్యా" అన్నాడు. వంగి చూస్తే గచ్చు నున్నగా ఉంది.

సాయంత్రానికి కాంటా గది కిటికీ చేరాడు. లోపల కూర్చున్న రాజ్‌కుమార్ ఆయన కింద పనిచేసే గుమాస్తానే.

"నమస్తే సార్. వడ్లేవి?"

"వడ్లేంటి, నేను! నన్ను బయటికి పంపు."

రాజ్‌కుమార్ ఇబ్బందిగా గోడ మీది బోర్డు చూపించాడు. వడ్లు లేకుండా లైనులో నిలబడువారు లైను చివరకు పంపబడుదురు. ఆ అక్షరాలు రాయించింది కృష్ణమూర్తే, ఇతరుల కోసం వంతు కాచే కూలీలను తరమడానికి. "మీ రూలే కద సార్" అన్నాడు రాజ్‌కుమార్. ఆయన కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరిగి, మిల్లు దాటి, చింత చెట్ల వరస దాటి, పెట్రోలు బంకు దాటి, తోకలో నిలబడ్డాయి.

మర్నాడు కోదాడ నుంచి భార్య పద్మమ్మ కారులో క్యారియరు, గొడుగు తెచ్చింది. "పోనీలెండి, కూర్చుని కూర్చుని షుగరు పెరిగింది. నిలబడమని డాక్టరు ఎన్నాళ్ళ నుంచో మొత్తుకుంటున్నాడు" అని పెరుగన్నం తినిపించి వెళ్ళింది. ఫోను చార్జింగు అయిపోయింది. తెల్ల చొక్కా గచ్చు రంగులోకి వచ్చింది. రెండు రోజులు నడిచి కిటికీ చేరడం, వడ్లేవి అనిపించుకోవడం, మళ్ళీ తోకకు పోవడం. దారిలో కనపడ్డ ప్రతి రైతునూ అడిగాడు.

"ఒక్క బస్తా నా పేరు మీద పెట్టండయ్యా. ఒక్కటే."

"ఎట్ల సార్? టోకెన్ల రాసినదానికి ఒక్క బస్తా తక్కువైనా రద్దు అని మీరే అంటిరి" అన్నారు వాళ్ళు. మాట తప్పుపట్టడానికి లేదు.

పక్క నుంచి దూరే లారీలు ఆగిపోయేసరికి లైను ఎన్నడూ లేనంత చురుగ్గా నడిచింది. ఐదో రోజు జగదీష్ సంతోషికి ఆ క్యాలెండరు కాగితం చూపిస్తూ బతిమాలాడు.

"తుడిపెయ్యవే తల్లీ. తులసీరాం ఫోను మీద ఫోను చేస్తుండు. సారు రాకపోతే ఆ కుర్చీ తనకు ఖాయమా కాదా అని అడుగుతుండు."

"రేపు మా నాయిన వడ్లు పట్టుకపోతుండన్నా. ఆయన్నడిగి చెప్త."

ఆరో రోజు పొద్దున గోపయ్య ట్రాక్టరు మిర్యాలగూడ చేరింది. ఈసారి అరవై బస్తాలు, బంగారం పొడి లాంటి సన్నాలు. బండి పొలంలో ఆపి, గోపయ్య వట్టి కాళ్ళతో వచ్చి తోకలో నిలబడ్డాడు. ఆయన ముందున్న వీపు కృష్ణమూర్తిది.

ఎండ ఎక్కుతోంది. కృష్ణమూర్తి ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతున్నాడు.

"మడమ మీద నిలబడున్రి సార్. ఏళ్ళు కాలయి" అన్నాడు గోపయ్య.

కృష్ణమూర్తి తిరిగి చూశాడు. "నీకూ చెప్పుల్లేవా?"

"ఉండె. మీరు గోనెల పోసి కాల్వల ఏసిండ్రు."

"చాలా జతలు వేయించానయ్యా. అందులో నీవి ఏవో..."

"ఎడమదానికి తీగె కట్టుంటది."

కృష్ణమూర్తి ఎడమ కాలి బొటనవేలు ఎత్తి, చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "గోపయ్య కదూ నీ పేరు? లైన్లో పిలుస్తుంటే విన్నాను. అరవై బస్తాలు తెచ్చావట. ఒక్కటి నా పేరున తూయించు. బయటపడతాను. ఇక జన్మలో ఎవరి చెప్పులూ ముట్టను. నీ కాళ్ళు పట్టుకుంటా."

వంగబోయాడు. లైను పద్ధతిలో వంగడానికి చోటు లేదు.

గోపయ్య ఆయన్ను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. ఆ చూపులో కోపం వెతికినా దొరకదు. అంగట్లో ఎద్దును చూసినట్టు తాపీగా, పళ్ళతో సహా చూశాడు.

"నేను చాయ్ తాగొస్త సార్. తాగొచ్చి చెప్త. అందాక నా వంతు జర సూడున్రి."

"చూస్తాను. తప్పకుండా చూస్తాను. తొందరగా రా."

రోడ్డుకు అవతల తాటాకు పందిరి కింద హోటలు. సంతోషి బెంచీ మీద ల్యాప్‌టాప్ తెరిచి, పక్కన క్యాలెండరు కాగితం, రబ్బరు పెట్టుకుని కూర్చుంది. గోపయ్య వచ్చి, కాళ్ళు నీడలోకి చాపుకుని, గ్లాసు అందుకుని, సాసర్లో వంపుకుని ఊదాడు. ఎట్లా ఊదాడనుకున్నారు? సాగర్ ప్రాజెక్టు చల్లారేంత ఓపిగ్గా ఊదాడు.

అవతల గచ్చు మీద ఎవడో మధ్యలో దూరబోయాడు. కృష్ణమూర్తి గొంతు రోడ్డు దాటి వినపడింది. "ఏయ్, వెనక్కి వెళ్ళవయ్యా! ఇది గోపయ్య చోటు. మనిషి చాయ్‌కి వెళ్ళాడు, కనపడట్లేదా? నా వెనక గోపయ్యే! ఎవడొచ్చినా ఊరుకోను!"

గోపయ్య ఆ గొంతు పూర్తిగా అయిపోయేదాకా విన్నాడు. సాసరు కింద పెట్టాడు.

"నాయినా" అంది సంతోషి, రబ్బరు వేళ్ళ మధ్య తిప్పుతూ. "మరి తుడిపేయాల్నా?"

గోపయ్య లైను కేసి చూశాడు. ఎండ నడినెత్తికి రావడానికి ఇంకా గంటన్నర ఉంది.

"ఇంకో చాయ్ చెప్పు బిడ్డా."